ముల్లు కదలని కారు

ఆదివారం పొద్దున్నే తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఇంటి ముందు ఒక పాత పెట్రోలు కారు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టరు దాని ముందు మూత మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసే డాక్టరులా కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. వంటింటి కిటికీలోంచి ఆ దృశ్యం చూసి అతని భార్య నిట్టూర్చింది. ఇలాంటి ఆదివారాలు ఆమె చాలా చూసింది. కార్లు మారుతున్నాయి గానీ ఆ చెయ్యి మాత్రం అదే.

"చల్లగానే ఉంది. అంటే స్టార్టింగు లోపం దాచడానికి ముందే ఇంజిను వేడి చేసి పెట్టలేదన్నమాట. మనిషి నిజాయితీపరుడిలాగే ఉన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయన మీ పక్కనే ఉన్నారండీ," అంది భార్య.

కారు యజమాని నిజంగానే పక్కన ఉన్నాడు. రాత్రే కారు తెచ్చి అక్కడ పెట్టి, పొద్దున్నే నడుచుకుంటూ మళ్లీ వచ్చిన రిటైర్డు పోస్టుమాస్టరు ఆయన. ఆ మాటకు ఆయనేమీ నొచ్చుకోలేదు. నొచ్చుకునే ఓపిక ఆయనకు ఎప్పుడో అయిపోయింది. కారు అమ్మకానికి పెట్టినప్పటి నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టు టైర్లను కాళ్లతో తన్ని, తలుపులు దబదబా వేసి చూసి, ఇంట్లో అడిగి చెప్తామని వెళ్లిపోతున్నారు.

"ఎందుకు అమ్ముతున్నారన్నారు?" ఇన్‌స్పెక్టరు మళ్లీ అడిగాడు. ఫోన్‌లో ఒకసారి, రాత్రి ఒకసారి అడిగాడు. ఒకే ప్రశ్నకు మూడుసార్లు ఒకే జవాబు వస్తే అది నిజమని అతని నమ్మకం.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రోజూ తిరిగాను సార్. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలో తోచట్లేదు. ఊరికే నిలబెడితే బండి పాడైపోతుంది."

ఇన్‌స్పెక్టరు తల ఊపి, జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి తలుపు మీద పెట్టాడు. గుద్దుకున్న చోట లప్పం పూసి రంగేస్తే అయస్కాంతం అంటుకోదు. అది అంటుకుంది. రెండో తలుపుకూ అంటుకుంది. కాళ్ల కింద పట్టా ఎత్తి తుప్పు ఉందేమో వెతికాడు. లేదు. అతని మొహంలో కొంచెం నిరాశ కనిపించింది.

జీవితమంతా కూరగాయల తక్కెళ్లు, కిరాణా కాటాలు, పెట్రోలు బంకుల మిషన్లు తనిఖీ చేసిన మనిషికి ఈ లోకంలో ఏదీ తను చెప్పుకున్నంత ఉండదని గట్టి అభిప్రాయం. అందుకే ఏడాదిగా ఏ కారూ అతని చేతిలో నెగ్గలేదు. ఒకదాన్ని పెడల్ మరీ అరిగిందని వద్దన్నాడు. ఇంకోదాన్ని పెడల్ అసలు అరగలేదని వద్దన్నాడు. అన్నీ కుదిరిన ఒక నీలం కారు, యజమాని చెప్పిన దానికంటే లీటరుకు అరకిలోమీటరు తక్కువ ఇచ్చిందని తిరిగి పంపేశాడు. ఆ రోజు భార్య అన్నం కూడా తినకుండా పడుకుంది.

ఆమె బాధ కారు కోసం కాదు. లోపల గదిలో మోకాళ్లకు పట్టీలు కట్టుకుని కూర్చున్న అత్తగారి కోసం. అత్తగారి అక్క ఊరికి ఆ చివర ఉంటుంది. తుంటి విరిగి మంచం దిగడం లేదు. మొన్నటిదాకా అక్కాచెల్లెళ్లు రోజూ ఫోన్‌లో మాట్లాడుకునేవారు. ఇప్పుడు అక్కకు చెవులు పూర్తిగా పోయాయి. ఫోన్ చేస్తే అవతల "ఎవరూ? ఎవరదీ?" అని రెండుసార్లు వినిపించి ఆగిపోతుంది. ఇక మాట్లాడాలంటే మనిషి ఎదురుగా వెళ్లి కూర్చోవలసిందే. బస్సు మెట్టు అత్తగారికి అందదు. ఆటో కుదుపులకు ఆమె నడుము ఆగదు. ట్యాక్సీ మాటెత్తితే ఇన్‌స్పెక్టరు, "ఆ మీటర్లు ఎలా తిరుగుతాయో నాకు తెలీదా?" అంటాడు.

అతనికి తల్లి మీద ప్రేమ లేక కాదు. "దారిలో ఆగిపోయే బండిలో అమ్మని కూర్చోబెట్టమంటావా? ఒక్కసారి కొంటాను, మంచిది కొంటాను. కొన్న రోజే పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్తాను," అంటాడు. ఆ మాట తల్లికీ ఇచ్చాడు. కోడలు ఒకటి రెండుసార్లు రహస్యంగా ట్యాక్సీ పిలుస్తానంటే అత్తగారే ఒప్పుకోలేదు. "వద్దులే అమ్మా. వాడు తీసుకెళ్తానన్నాడు. వాడికి తెలీకుండా వెళ్తే చిన్నబుచ్చుకుంటాడు," అంది. అప్పటి నుంచి ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది. మొన్న మాత్రం ఒక మాటంది. "నేను వెళ్లేసరికి అది నన్ను గుర్తుపడితే చాలు."

అయస్కాంతం పరీక్ష అయ్యాక అసలు పరీక్ష మొదలైంది. దీన్ని ఇన్‌స్పెక్టరు నిండు ట్యాంకు పరీక్ష అంటాడు. పొద్దున ట్యాంకు అంచుదాకా నింపాలి. రోజంతా కారు తిప్పాలి. సాయంత్రం అదే బంకులో, అదే పైపుతో మళ్లీ అంచుదాకా నింపాలి. రెండోసారి ఎంత పడితే అంత కారు తాగినట్టు.

"కుటుంబం కారు కాబట్టి కుటుంబమంతా నడపాలి. ఒక్కొక్కరి కాలు ఒక్కోలా తొక్కుతుంది," అన్నాడు. పొద్దున ఊరి చుట్టూ రోడ్డు మీద తను. తర్వాత బజారు రద్దీలో భార్య. భోజనాలయ్యాక గుట్ట రోడ్డు మీద బావమరిది. బరువు కోసం వెనక సీట్లో అమ్మ.

"నేను బరువా?" అంది లోపలి నుంచి తల్లి.

"కుటుంబం బరువమ్మా. లెక్కకి."

పోస్టుమాస్టరు తాళాలు ఇచ్చి, హామీగా ఇన్‌స్పెక్టరు స్కూటరు తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం బంకు దగ్గర కలుద్దామనుకున్నారు.

బంకులో ట్యాంకు అంచుదాకా నింపించాక ఇన్‌స్పెక్టరు వంతు చక్కగా గడిచింది. తిరిగొచ్చి, "స్టీరింగు కొంచెం కుడికి లాగుతోంది," అని మాత్రం అన్నాడు. నీలం కారు విషయంలో కూడా మొదట ఇలాంటి మాటే అన్నాడని భార్యకు గుర్తొచ్చింది.

ఆమెకు బజారులో చిన్న కుట్టు దుకాణం ఉంది. కుట్టిన బట్టల మూటలు కారులో వేసుకుని బయలుదేరింది. బజారులో బండి అడుగు కదిలితే అరగంట ఆగుతోంది. ఆగినంతసేపూ ఇంజిను పెట్రోలు తాగుతూనే ఉంది. ఆమెకు ఆ చప్పుడు గుటకలు వేస్తున్నట్టే వినిపించింది. సాయంత్రం భర్త లెక్క కట్టి, పెదవి విరిచి, తాళాలు తిరిగి ఇచ్చేయడం కళ్ల ముందు కనిపించింది. ఆ వెనకే గదిలో అత్తగారి మొహం కనిపించింది.

దారిలో వేరే బంకు తగిలింది. ఇన్నేళ్లలో భర్తకు చెప్పకుండా ఆమె చేసిన మోసాల్లో పెద్దది పాలల్లో నీళ్లు కలపడం. అయినా కారు లోపలికి తిప్పింది.

"కొంచెం పోయి బాబూ. మరీ ఎక్కువొద్దు, అనుమానం రాకూడదు," అంది.

బంకు అబ్బాయి ఆమెనూ కారునూ అనుమానంగానే చూసి, కొంచెం పోశాడు.

భోజనాలయ్యాక బావమరిది వచ్చాడు. ఆమె తమ్ముడు, ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. ఏడాదిగా ఆదివారాలు ఫ్రిజ్‌ల కంటే కార్ల కిందే ఎక్కువ పడుకుంటున్నాడు. ఈ బావ కారు కొంటే తప్ప తనకు సెలవు దొరకదని అతనికి అర్థమైపోయింది.

"బావా, ఈసారైనా కొంటావా, లేకపోతే నన్ను ఈ చొక్కా కూడా కార్లకే అంకితం చేసేయమంటావా?"

"లెక్క సరిపోతే కొంటాను."

"ఏ లెక్కలోనైనా కాస్త పట్టూ విడుపూ ఉండాలి బావా."

"నా ఉద్యోగమే అది లేకుండా చూడ్డం," అని ఇన్‌స్పెక్టరు కునుకు తీయడానికి లోపలికి వెళ్లాడు.

బావమరిది పెద్దావిడని తర్వాత ఎక్కించుకుంటానని చెప్పి, ముందు కారును ఒక్కడే సందు చివరికి తీసుకెళ్లాడు. టైర్లలో గాలి చూడాలన్నాడు. గాలి చూసే చోట పెట్రోలు కూడా ఉంది. కొంచెమే పోయించాడు. పెట్రోలు ముల్లు నిండుగానే ఉండటం చూసి, పాత కార్లలో ముళ్లు ఎప్పుడూ అబద్ధమే చెప్తాయనుకున్నాడు.

తిరిగొచ్చి పెద్దావిడని ఎక్కించాడు. ముందు ఒక కాలు, తర్వాత నడుము, ఆ తర్వాత చేతులతో ఎత్తి రెండో కాలు. అది అయ్యేసరికి ఇద్దరికీ చెమట పట్టింది. గుట్ట రోడ్డు ఎక్కాక, "అత్తయ్యా, ఇలాగే పెద్దత్తయ్య ఇంటికి పోనివ్వనా? బావకి నేను చెప్తాలే," అన్నాడు మెల్లగా.

 "వద్దు నాయనా. వాడే తీసుకెళ్లాలి," అంది ఆవిడ. మలుపు తిరిగాక, "అబ్బాయ్, దారిలో ఎక్కడైనా బంకుంటే కొంచెం పెట్రోలు పోయించు. వాడికి చెప్పకు," అంది.

 ఇప్పుడే పోయించానంటే బావమరిది గుట్టు బయటపడుతుంది. పెద్దావిడ నోట్లో నువ్వు గింజ నానదని అతనికి అనుభవం. బంకుకు పోనిచ్చాడు. పైపు పెట్టగానే ఆగింది. "కుదిపి పోయ్ తమ్ముడూ," అన్నాడు. బంకు కుర్రవాడు కుదిపి పోశాడు. మూత దగ్గర తొణికింది.

ఎవరికి వాళ్లు కొంచెమే అనుకున్నారు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు అందరినీ ఎక్కించుకుని పొద్దుటి బంకుకే వచ్చాడు. అదే మిషను ముందు, అదే గీత మీద కారు ఆపాడు. "ఫుల్," అన్నాడు. బంకు మేనేజరు అతన్ని చూసి తనే పరిగెత్తుకొచ్చి పైపు పట్టుకున్నాడు. పైపు లోపల పెట్టాడో లేదో టక్‌మని ఆగింది.

"మళ్లీ పోయండి."

మళ్లీ టక్‌మంది.

"కుదిపి పోయండి."

మిషను మీద అంకెలు రెండు చుక్కలంత కదిలి ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరు కిందికి దిగాడు. తిరిగిన దూరాన్ని పోసిన పెట్రోలుతో మనసులోనే భాగించాడు. జవాబు నమ్మలేక మళ్లీ భాగించాడు. ఆ లెక్క ప్రకారం ఈ కారు ఒక గ్లాసు పెట్రోలు వాసన చూపిస్తే పక్క రాష్ట్రం వెళ్లి వచ్చేస్తుంది.

వెనక సీట్లో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ముగ్గురు మూడు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆ కారుకు వెనక కిటికీలు రెండే కాబట్టి మధ్యలో ఉన్న బావమరిది పైకప్పు చూస్తున్నాడు.

"కారు ఇంత ఇవ్వదు. ఇవ్వడం కుదరదు. అంటే తప్పు మిషనుదే. పోసింది లీటర్లు, చూపించింది చుక్కలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేనేజరు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "సార్! తక్కువ పోశామని అడిగినవాళ్లున్నారు గానీ, ఎక్కువ పోశామని ఎవరూ అనలేదు సార్!"

"తప్పు ఎటు జరిగినా తప్పే."

"ఇవాళ ఆదివారం కదా సార్."

"మిషనుకి తెలుసా ఆదివారమని?"

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి సర్కారు ముద్ర ఉన్న కొలపాత్ర తీశాడు. అది లేకుండా అతను పెళ్లికి కూడా వెళ్లడు. మిగతా బళ్లకు పోయడం ఆపించి, పాత్రను నేల మీద సమంగా పెట్టి, మోకాళ్ల మీద వంగి నింపడం మొదలుపెట్టాడు. వెనక మోటారు సైకిలు మీద ఉన్నతను మెడ చాచి, "ఏమైందండీ?" అని అడిగాడు. మేనేజరు ఏడుపు గొంతుతో, "ఈ మిషను ఎక్కువ పోస్తోందంటున్నారండీ," అన్నాడు.

అంతే. ఆ మాట బంకు దాటి రోడ్డెక్కింది. మోటారు సైకిలు మనిషి ఫోన్ తీశాడు. రోడ్డవతల పూలమ్మే ఆవిడ కొట్టు వదిలి ఇంట్లో ఉన్న కొడుకును కేకేసింది. చూస్తూండగానే బండ్లు బారులు తీరాయి. వాటి మధ్యలోంచి డబ్బాలు, సీసాలు పట్టుకుని మనుషులు నడిచి వచ్చారు. ఒకాయన నీళ్ల బిందె తెచ్చాడు.

"బిందెలో పోయకూడదండీ!" మేనేజరు అరిచాడు.

"ఎక్కువ పోసేటప్పుడు లేని రూలు ఇప్పుడొచ్చిందా?" అన్నాడు బిందె ఆయన.

హారన్లు మొదలయ్యాయి. అన్ని హారన్ల మధ్య ఇన్‌స్పెక్టరు పాత్ర మెడ దగ్గర గీతకు కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి చూశాడు. గీతకు పెట్రోలు తల వెంట్రుకంత కూడా ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంత సరిగ్గా పోసే మిషను తన ఉద్యోగ జీవితంలో చూడలేదు.

"మిషను సరిగ్గానే ఉంది," అన్నాడు నీరసంగా.

"అబద్ధం! ఆఫీసర్లూ వీళ్లూ ఒకటే! మనకి పోయకుండా మూసేస్తున్నారు!" అన్నాడు బిందె ఆయన.

సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ పోస్టుమాస్టరు వచ్చాడు. ఇన్‌స్పెక్టరు స్కూటరును నడపడం లేదు, నెట్టుకుంటూ వస్తున్నాడు. అందులో పెట్రోలు అయిపోయింది. బంకు మొదట్లోనే ఎవరో ఆయనకు కథంతా చెప్పేశారు. పొద్దున్నుంచి తిరిగినా ఒక కారు చుక్క కూడా తాగలేదట, దాన్ని చూసి ఆఫీసరుకే మతి పోయిందట. ఆ కారు రంగు కూడా చెప్పారు.

పోస్టుమాస్టరు తన కారు దగ్గరికి వచ్చి, చాలా రోజుల తర్వాత దాన్ని పరీక్షగా చూశాడు. మూత మీద దుమ్మును చొక్కా చేత్తో తుడిచాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఏమీ అనుకోకండి. నేను అమ్మట్లేదు."

భార్య చప్పున తలుపు తీసుకుని దిగింది. "అయ్యో, అన్నయ్యగారూ! అది కారు గొప్ప కాదండీ. బజారు దారిలో నేను పోయించాను. కొంచెం."

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగాడు. 

"నేనూ పోయించాను బావా," అన్నాడు బావమరిది కారులోంచే. "రెండుసార్లు."

"రెండోది నా మాట మీద," అంది తల్లి. "వాణ్ని ఏమీ అనకు."

పోస్టుమాస్టరు ముగ్గురినీ వరసగా చూసి, విచారంగా నవ్వాడు. "చాలా మందిని చూశానమ్మా. రేటు తగ్గించడానికి టైర్లు బాగోలేదన్నారు, రంగు బాగోలేదన్నారు. కానీ ఇంటిల్లిపాదీ కలిసి, ముసలావిడతో సహా ఇంత కథ అల్లినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను."

"నిజమండీ బాబూ!"

"నిజమే అయితే మీ ఇన్‌స్పెక్టరు గారు మిషనునే ఎందుకు కొలిచి చూశారు? ఆయన కంటే మీకు ఎక్కువ తెలుసా?"

  ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్రోలు పాత్రతో నిలబడి, "నా టెస్టులో... నా ఇంట్లోవాళ్లే..." అన్నాడు. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "ఎందుకమ్మా?"

తల్లి అద్దం కిందికి దించింది. "మా అక్కకి నా మాట వినబడట్లేదురా. ఇంకొన్నాళ్లు పోతే నా మొహం కూడా కనబడదు. నీకు సరైన బండి దొరికేదాకా అది ఆగాలి కదా. అందుకని కొంచెం పోయించాను."

ఇన్‌స్పెక్టరు కిందికి చూశాడు. పాత్రలో గీత దగ్గర పెట్రోలు ఇంకా కచ్చితంగా అలాగే ఉంది.

వెనక హారన్లు ఆగడం లేదు. కారు కదిలితే తప్ప దారి రాదని మేనేజరు చేతులు జోడించాడు. పోస్టుమాస్టరు స్కూటరు తాళం ఇన్‌స్పెక్టరు జేబులో వేసి, తన కారెక్కి స్టార్టు చేశాడు. బావమరిది దూకి దిగాడు. తల్లి కదల్లేదు.

"అమ్మగారూ, దిగాలి," అన్నాడు పోస్టుమాస్టరు.

"దిగడానికి చాలాసేపు పడుతుంది బాబూ. ముందు ఒక కాలు తియ్యాలి, తర్వాత నడుము. ఈలోగా ఆ బిందె ఆయన మనల్ని కొట్టేలా ఉన్నాడు." ఆవిడ చీర చెంగు సర్దుకుని వెనక్కి ఆనుకుంది. "మీకు ఎక్కడికి వెళ్లాలో తోచట్లేదన్నారుగా పొద్దున. మా అక్క ఇల్లు ఊరికి ఆ చివర. దారి నేను చెప్తాను."

పోస్టుమాస్టరు అద్దంలోంచి ఆవిడ్ని చూశాడు. తర్వాత ముల్లు వైపు చూశాడు. అది నిండుగా ఉంది. గేరు వేశాడు.

"అమ్మా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు కారు పక్కనే నడుస్తూ. "నేను తీసుకెళ్తానన్నాను కదమ్మా!"

"నువ్వు నిదానంగా చూసుకుని కొనుక్కో నాన్నా," అంది తల్లి ప్రేమగా. "తొందరేం లేదు."

కారు జనంలోంచి మెల్లగా బయటపడి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది.

ఇక మిగిలింది ముగ్గురు మనుషులు, ఒక ఖాళీ స్కూటరు. దానికి పెట్రోలు కావాలి. మేనేజరు ఇన్‌స్పెక్టరును చూసి చూపు తిప్పుకుని, వరస చివరికి వేలు చూపించాడు. వరస చివర పూల కొట్టు కూడా దాటిపోయి ఉంది. ముగ్గురూ స్కూటరు నెట్టుకుంటూ వెళ్లి అక్కడ నిలబడ్డారు.  దీపాలు వెలిగే వేళకు బావమరిది ఫోన్ మోగింది. పెద్దమ్మ ఇంటి నుంచి. అతను స్పీకరు పెట్టాడు. అవతల రెండు ముసలి గొంతులు ఒకదాని మీద ఒకటి పడి అరుచుకుంటున్నాయి. "చిక్కిపోయావే!" అని ఒకటి, "నువ్వా చెప్పేది!" అని ఇంకొకటి. ఒకరి మాట ఒకరికి వినబడుతోందో లేదో గానీ ఇద్దరూ ఆపడం లేదు. మధ్యలో పోస్టుమాస్టరు గొంతు, వచ్చే ఆదివారం ఎన్నింటికి రమ్మంటారని అడుగుతోంది.

భార్య కళ్లు తుడుచుకుంది. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని ఫోన్ దగ్గరికి వంగాడు.

"అమ్మా, గుర్తుపట్టిందా పెద్దమ్మ?"

"గుమ్మంలోనే పట్టిందిరా!"

అతను ఉండబట్టలేక అడిగాడు. "దారిలో కారు ఎలా నడిచిందమ్మా? ముల్లు ఎంత దిగింది?"

"ఏమోరా, చూడలేదు. మాట్లాడుకుంటూ వచ్చేశాం."

వరస ఇంకో బండి మేర ముందుకు జరిగింది. ఇన్‌స్పెక్టరు స్కూటరును నెట్టాడు.